పదో గుక్క

ఒకానొక రాజ్యంలో ఏటా ద్రాక్షాసవాల పోటీ జరిగేది. నచ్చని ఆసవం ఉన్న కుండను అక్కడికక్కడే పగలగొట్టేవారు. ఓబులమ్మ పెరటి తీగలకు ఏడాదికి వచ్చేది ఒక్కటే కుండ.

ఆస్థానంలో రుచి చూసే త్రిపురాంతకం, ఆనవాయితీ ప్రకారం పెద్ద తోటల ఆసవాలు తొమ్మిదింటినీ పుక్కిలించి పడిగలో ఉమ్మి, "అమోఘం" అన్నాడు. ఓబులమ్మది నోట్లో పోసుకుని చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. అతని గొంతు కదలడం ఆమె చూసింది.

"పెరటి సరుకు, మట్టివాసన. పగలగొట్టండి" అన్నాడు.

ఓబులమ్మ రాజుకు దణ్ణం పెట్టింది. "ఏలినవారూ, అయ్యగారు అమోఘమన్నవన్నీ పడిగలో ఉన్నాయి. మట్టివాసన అన్నది మాత్రం ఆయన కడుపులో ఉంది."

రాజు త్రిపురాంతకం వైపు తిరిగి, "పగలగొట్టమంటావా?" అని అడిగాడు.

త్రిపురాంతకం ఖాళీ గిన్నె ఓబులమ్మ ముందుకు చాచాడు.