మైలపడిన కారు

చింతలగిరి జమీందారు వీరభూపతిగారు గవర్నరుకు స్వాగతం చెప్పడానికి బయలుదేరబోతే కారు మొరాయించింది. ఊళ్లో ఇంజను విప్పడం తెలిసినవాడు ఊరవతల అంటరానివాళ్ల పేటలో ఉండే సందెయ్య ఒక్కడే. నిన్ననే అతని భార్య కోటబావి చేద ముట్టుకుందని దొరగారు ఆ చేదను వీధిలోకి విసిరేయించారు. "మీ చెయ్యి తగిలింది ఇక మాది కాదు, తీసుకుపోండి! బావివైపు వస్తే తోలు ఒలిపిస్తా!" అన్నారు. దూరంగా నిలబడి పోయించుకునే నీళ్లూ ఆగిపోయి, అప్పటినుంచి పేటలో చుక్క నీళ్లు లేవు.

కబురందుకుని వచ్చిన సందెయ్య ఇంజను మూత తీశాడు. లోపలి కడ్డీలు వంగకుండా బోల్టులన్నీ ఒక్కొక్కటి అరచుట్టు చొప్పున వదులు చేశాడు. అవి లేనిదే ఇంజను తిరగని ఆ కడ్డీలు, కామ్‌షాఫ్టులు రెండూ బయటికి తీసి, తువ్వాలులో చుట్టి, చంకన పెట్టుకుని నడిచాడు.

"ఒరేయ్, ఎక్కడికిరా?" దొరగారు అడ్డం పరుగెత్తారు.

"ఇంటికి దొరా. నా చెయ్యి తగిలింది కదా, తమరి తీర్పు ప్రకారం ఇవి నావే. ఇంజనంతా తాకాను గనక, మిగతాది తోసుకెళ్లడానికి మావాళ్లను తీసుకొస్తాను."

దొరగారు కొట్టించాలని చెయ్యెత్తారు గాని, బిగించేవాడు వాడొక్కడే. అవతల గవర్నరు రైలు కూత వేసింది.

"తాకితే ఏం పోతుందిరా! నా కారు నాకు బిగించు!"

"తాకితే కారు పోకపోతే, చేదా పోదు, బావీ పోదు. ఆ మాటే గట్టిగా చెప్పండి దొరా, గేటు దగ్గర మావాళ్లున్నారు."

"పోదు! ఏదీ పోదు! తోడుకోండి నీళ్లు!"

అరిచింది తానేనని తెలిసి దొరగారు గేటువైపు తిరిగారు. అప్పటికే బావి దగ్గర బిందెలు మోగుతున్నాయి.