దప్పళంలో రెండుసార్లు ఉప్పు

ఒకానొక రాజ్యంలో, దాని పేరు మా తాతయ్య చెప్పాడు గానీ నాకిప్పుడు జ్ఞాపకం రావడం లేదు, ధీరసింహుడనే రాజు ఉండేవాడు. నాలాంటివాణ్ణి ఆయన తన కోటలో ఒక్కపూట కూడా ఉండనిచ్చేవాడు కాదు. ఆయనకు మరుపంటే గిట్టదు.

ఆయన జ్ఞాపకశక్తి మాత్రం నిజంగా గొప్పదే. రాజ్యంలోని మూడువందల పదహారు ఊళ్ళ పేర్లూ వరసగా అప్పజెప్పేవాడు. ఏటా తన పుట్టినరోజు విందు అయిన మూడోనాడు ధారణసభ అని ఒకటి పెట్టేవాడు. ఆయన ఊళ్ళ పేర్లు చెబుతూ ఉంటే పక్కన ఒకడు తోచినప్పుడల్లా గంట కొట్టేవాడు. ఆఖరున ఎన్ని గంటలు మోగాయో కూడా రాజే చెప్పాలి. పదేళ్ళలో ఒక్క ఊరూ తప్పలేదు, ఒక్క గంటా తప్పలేదు.

అక్కడితో ఊరుకుంటే ఎవరికీ బాధ ఉండేది కాదు. "మరుపనేది లేదు. సోమరితనానికి జనం పెట్టుకున్న ముద్దుపేరు అది" అని తేల్చేసి, తానే స్వయంగా ఒక శాసనం చెప్పి రాయించాడు. కోటలో ఎవరు తాము చేసే పని మరిచినా, మూడోనాటి పొద్దుగూకేలోగా కోట గుమ్మం దాటి వెళ్ళాలి. ఇదీ శాసనం.

ఆనాటి నుంచి మంత్రులు ఉత్తరీయాలకు ముడులు వేసుకుని తిరిగేవారు. ఏ ముడి దేనికో మరిచిపోయి, అది కనుక్కోవాలని గుర్తుగా ఇంకో ముడి వేసుకునేవారు.

ఆ ఏడు పుట్టినరోజు విందుకు పొరుగుదేశం రాయబారులు వచ్చారు. గుమ్మడికాయ దప్పళం వడ్డించారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న పెద్ద రాయబారి మింగలేక, ఉమ్మలేక, మర్యాదకు నవ్వబోయి పొలమారాడు. దప్పళం ఉప్పుకషాయంలా ఉంది.

వంటశాల పెద్ద పేరమ్మను పిలిపించారు. డెబ్భై దాటిన మనిషి. రాజుకు అన్నప్రాశన నాడు పాయసం వండింది ఆవిడే.

"ఉప్పు రెండుసార్లు ఎందుకు వేశావు?" అన్నాడు రాజు.

"వేశానో లేదో గుర్తు రాలేదు నాయనా. అందుకని మళ్ళీ వేశాను."

"మరిచిపోయావన్నమాట. శాసనం తెలుసు కదా?"

పేరమ్మ తల ఊపింది. కోట బయట ఆవిడకు తెలిసిన గడప ఒక్కటీ లేదు.

రాజుగారి సభలో కొండుభట్టు అనే విదూషకుడు ఉండేవాడు. మనిషి బక్కపలచన, నోరు మాత్రం బలం. మర్నాడు అతను వంటశాలకు వెళ్ళేసరికి పేరమ్మ మూట కట్టుకుంటోంది. కట్టడానికేం లేదు. రెండు చీరలూ, ఒక చిన్న వెండిగిన్నె.

"అవ్వా, మొదటిసారి ఉప్పు వేశాక, రెండోసారి వేసేలోపు ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదు బాబూ. గరిటె కోసం అటక మీద చెయ్యి పెడితే ఈ గిన్నె తగిలింది. అంతే, కాసేపు ఒళ్ళు తెలియలేదు."

"ఎవరిదీ గిన్నె?"

"చిట్టితల్లిది. రాజుగారి చెల్లెలు. అప్పుడు ఆయనకు ఏడేళ్ళు, ఆ పిల్లకు ఐదు. పొద్దున్నే ఇద్దరూ పరిగెత్తుకుంటూ వచ్చి నా పొయ్యి దగ్గర చతికిలబడేవారు. రాజుల పిల్లలు కదా, పిండివంటలు ముట్టేవారు కాదు. గుండిగ అడుగున అంటిన మాడు కావాలి. నేను గోకి, వేడినెయ్యి వేసి పెట్టాలి. నాకెక్కువంటే నాకెక్కువని జుట్లు పట్టుకునేవారు." ఆవిడ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఆ ఏడు అమ్మవారు పోసి పిల్ల పోయింది. ఈయన నెల్లాళ్ళు అన్నం ముట్టలేదు. దాంతో పెద్దరాణిగారు, కోటలో ఎవరూ ఆ పేరు ఎత్తకూడదన్నారు. ఎత్తలేదు. మెల్లగా ఈయన తినడం మొదలుపెట్టారు. తర్వాత ఎప్పుడూ అడగలేదు."

కొండుభట్టు ఆ గిన్నె అడిగి తీసుకుని ఉత్తరీయంలో చుట్టుకున్నాడు.

"అవ్వా, రేపు సభ జరుగుతుండగా ఆ మాడు ఒకసారి చేసిపెడతావా?"

మూడోనాడు ధారణసభ నిండిపోయింది. రాజు సింహాసనం మీద మీసం సవరించుకుంటూ ఉండగా కొండుభట్టు లేచాడు.

"ప్రభూ, ఒక సందేహం. ఇవాళ తమరు ఎక్కడైనా తప్పితే?"

సభలో అందరూ నాలిక కరుచుకున్నారు. రాజు మాత్రం నవ్వాడు. "తప్పితే నాకూ అదే శాసనం. మూడునాళ్ళు కూడా అక్కర్లేదు, ఇవాళే పొద్దుగూకేలోగా కోట దాటతాను. నా శాసనానికి చుట్టరికాలు లేవు. మరి తప్పకపోతే?"

"అవ్వ మూట మోసుకుంటూ ఆవిడ వెంటే నేనూ పోతాను."

"అయితే నీ మూట కూడా కట్టుకో" అని రాజు ఊళ్ళ పేర్లు మొదలుపెట్టాడు.

వంద ఊళ్ళు దాటాయి. నూటయాభై దాటాయి. మధ్యమధ్య గంట మోగుతూనే ఉంది. కొండుభట్టు దగ్గలేదు, తుమ్మలేదు, బుద్ధిగా చేతులు కట్టుకు కూర్చున్నాడు. వీడి పని అయిపోయిందనుకున్నారు మంత్రులు.

సభామంటపం వెనకే వంటశాల. రెండువందల పన్నెండో ఊరు దగ్గర గాలి అటునుంచి తిరిగింది. మాడిన అన్నం మీద కాగిన నెయ్యి పడిన వాసన.

"రేవులపాడు..." అన్నాడు రాజు. "రేవులపాడు..." అని మళ్ళీ అన్నాడు. తర్వాత ఊరు రాలేదు. ఆయన కళ్ళు ఎవరినో వెతికాయి. సింహాసనం మీదనుంచి సగం లేచి, ఎవరూ ఎన్నడూ వినని మెత్తని గొంతుతో అడిగాడు:

"చిట్టికి పెట్టారా?"

సభ బిక్కచచ్చిపోయింది. చిట్టి ఎవరో దాదాపు ఎవరికీ తెలియదు. తెలిసిన ఇద్దరు ముసలివాళ్ళు తలలు దించుకున్నారు.

కాసేపటికి రాజు తేరుకుని, గంట కొట్టేవాడి వంక చూశాడు. "ఎన్ని కొట్టావు?" వాడు నోరు తెరుచుకుని రాజునే చూస్తూ ఉండిపోయి, తన లెక్క తానే మరిచిపోయాడు.

కొండుభట్టు వంగి దండం పెట్టాడు. "ప్రభూ, పల్లకి ఏ గుమ్మం దగ్గర ఉంచమంటారు?"

రాజు ముఖం ఎర్రబడింది. "ఇది మోసం! నేను మరిచిపోలేదు. నువ్వు నాకు... గుర్తు చేశావు. అది గుర్తొచ్చి ఇది పోయింది!"

"అవ్వకు జరిగిందీ అదే ప్రభూ." కొండుభట్టు వెండిగిన్నె తీసి ఆయన ముందు పెట్టాడు. "దప్పళం వండుతుంటే ఇది చేతికి తగిలింది. మనసు ఇరుకు వంటిల్లు ప్రభూ. పెద్దవాళ్ళెవరైనా వచ్చి కూర్చుంటే ఉప్పుడబ్బా ఎక్కడుందో కనబడదు. తమరు ఇన్నేళ్ళు చిట్టితల్లిని మరిచారు కనకే నాలుగు ముద్దలు తిని ఇంతవారయ్యారు. అదీ సోమరితనమేనా?"

రాజు గిన్నెను రెండుచేతుల్లోకి తీసుకున్నాడు. అంచున చిన్న సొట్ట ఉంది. "ఈ సొట్ట నేను పెట్టిందే" అని నవ్వబోయి, అందరి ముందూ ఏడ్చేశాడు.

పేరమ్మను పిలిపించి, "అవ్వా, నువ్వెక్కడికీ వెళ్ళనక్కర్లేదు" అన్నాడు. అంతలోనే దిగులుపడ్డాడు. "కానీ నేను మాట ఇచ్చాను. శాసనం శాసనమే. నేను కోట దాటాలి."

"దాటండి ప్రభూ, ఇద్దరూ దాటండి" అన్నాడు కొండుభట్టు. "తూర్పు గుమ్మంలోంచి వెళ్ళి, చల్లగాలికి నాలుగడుగులు వేసి, వంటశాల దారిన వచ్చేయండి. శాసనంలో వెళ్ళమనే ఉంది. తిరిగి రాకూడదని రాయించడం తమరు మరిచిపోయారు."

రాజు ఒక్క క్షణం తెల్లబోయి, పడీపడీ నవ్వాడు. మంత్రులు కూడా నవ్వి, ఆ సందట్లో ఉత్తరీయాల ముడులు విప్పేసుకున్నారు.

పొద్దుగూకే వేళ రాజు పేరమ్మ మూట తానే పట్టుకుని కోట గుమ్మం దాటి, తిరిగి వచ్చి పొయ్యి దగ్గర చతికిలబడ్డాడు. అవ్వ ఆ వెండిగిన్నెలోనే మాడు పెట్టి ఇచ్చింది. కొండుభట్టు చేతికి బంగారు కడియం తొడిగి, "ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"ఆ మాడులో సగం ప్రభూ."

"రాజ్యంలో సగం అడుగు, ఇస్తాను. ఇది మాత్రం అడక్కు" అని గిన్నె వెనక్కి లాక్కున్నాడు రాజు.

మరుసటి ఏడు పుట్టినరోజున దప్పళంలో అసలు ఉప్పే లేదు. రాయబారులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. రాజు మాత్రం ఆకు ఖాళీ అయ్యేదాకా తిని, వంటశాల గుమ్మం దాకా నడిచి వెళ్ళి అడిగాడు:

"అవ్వా, ఇవాళ ఎవరు గుర్తొచ్చారు?"