గౌరినాయుడి టాక్సీలో చప్పుడు

మా గురువుగారు పరదేశయ్యగారు ఎవరేమడిగినా ముందు ఒక నవ్వు నవ్వేవారు. ఆ నవ్వు చూడగానే మాకు తెలిసిపోయేది, ఇప్పుడు వచ్చేది సమాధానం కాదు, కథ అని. కాస్త దగ్గరికి జరగండి, ఇది ఆయన నోట నేను విన్నదే.

మాలో రామలింగం అనే సాధకుడు ఉండేవాడు. ఏడాదిగా గది తలుపు వేసుకుని ఒకటే జపం. ఒకనాడు వచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "గురువుగారూ, మనసులో రొద తగ్గడం లేదు. అది పోయేదాకా నలుగురిలోకి రానని ఒట్టు పెట్టుకున్నాను. తలుపు ఇంకా గట్టిగా బిగించుకోమంటారా?"

గురువుగారు నవ్వారు. విజయనగరంలో గౌరినాయుడనే మెకానిక్ గురించి మొదలుపెట్టారు.

గౌరినాయుడు తుప్పుపట్టిన ఒక పాత అంబాసిడర్ టాక్సీని కొని, ప్రాణం పెట్టి బాగుచేశాడు. నల్లటి ఒళ్లు, పసుప్పచ్చ టాపు, ముందు అద్దం పక్కన మీటరు. ఒకప్పుడు స్టేషను బయట వరసగా నిలబడ్డ బండే! మీలో ఎక్కినవాళ్లు ఉన్నట్టున్నారు, ఆ నవ్వులే చెబుతున్నాయి. అమ్మడానికే చేశాడు గాని, అమ్మలేకపోయాడు. రోజూ పొద్దున్నే ఒక్కడే నడిపి చూస్తే వెనక నుంచి దడదడ. తలుపులు విప్పాడు, సీట్ల కింద దూరాడు, చప్పుడు దొరకలేదు. "లోపమున్న బండి అమ్మితే దేవుడు మెచ్చడు" అంటూ బేరానికి వచ్చినవాళ్లందరికీ దండం పెట్టి పంపేశాడు. చివరికి మిగిలింది పెళ్లిళ్లకు కార్లు తిప్పే కనకరత్నం ఒక్కతే.

ఆవిడ ఒక ఉదయం పొంగలి గిన్నెలతో ఉన్న అరడజను మంది ఆడవాళ్లను వెంటేసుకుని షెడ్డులోకి వచ్చింది. రామతీర్థం గుడికి వెళ్లే బస్సు దాటిపోయిందట.

"నాయుడూ, ఇయాల బండి ఇస్తే ఇచ్చినట్టు. లేదంటే నాను ఇంకోటి కొనుక్కుంటాను. ఇంకెవులొస్తారు నీ కాడికి?"

"సప్పుడుందమ్మా. అది పోయినాక నానే తెచ్చి ఇస్తాను."

"సప్పుడే సెయ్యని బండి కావాలంటే రిక్షా కొనుక్కుందును! ఎక్కండే!"

అడగకుండానే నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టేసింది. "అమ్మా, కొత్త సీట్లమ్మా, మెల్లిగా..." అని గౌరినాయుడు మొత్తుకుంటూనే ఉన్నాడు, వాళ్లు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చునేశారు. ఇక దిక్కులేక తనే స్టీరింగు పట్టాడు. నిమ్మకాయలు చితికాయి. బండి ఊరు దాటింది. గౌరినాయుడు చెవులు రిక్కించాడు. చప్పుడు లేదు!

భయపడిపోయి బండి ఆపాడు. దిగి, వంగి కిందికి చూశాడు. ఎంతమంది ఎక్కినా కుంగకూడదని, పాత టాక్సీవాళ్ల పద్ధతిలో బండి బరువు మోసే వెనక కమాను కట్టల్లో ఒక ఉక్కుపట్టీ అదనంగా వేసింది అతనే. ఖాళీ బండిలో బిర్రబిగుసుకుని దడదడలాడిన ఆ కట్టలు, ఇంతమంది బరువుకు హాయిగా ఒదిగి ఉన్నాయి.

కిటికీలోంచి ఒక ముసలావిడ తల బయటికి పెట్టింది. "కడుపు ఖాళీగా ఉంటే గుర్రుమనదేటి, నాయనా?"

ఆడవాళ్లంతా నవ్విన నవ్వుకు బండి ఊగిపోయింది. గౌరినాయుడు రోడ్డు మీదే కూలబడి నవ్వాడు. లేచి తాళం చెవి కళ్లకద్దుకుని కనకరత్నం చేతిలో పెట్టాడు. "నీదేనమ్మా. ఒంటరిగా మాత్రం తిప్పకు." ఆవిడ స్టీరింగు పడితే, తను వెనక సీట్లో ఎలాగో ఇరుక్కుని, ఒక పొంగలి గిన్నె ఒళ్లో పెట్టుకుని, రామతీర్థం దాకా వాళ్లతో గోవిందలు కొడుతూ వెళ్లాడు.

రామలింగం కళ్లు తుడుచుకున్నాడు. "మరి నా సంగతి, గురువుగారూ?"

గురువుగారు కండువా దులిపి భుజాన వేసుకుని లేచారు.

"భోజనాలకు పంక్తి వేశారు నాయనా. సాంబారు బకెట్టు పట్టడానికి ఒక మనిషి తక్కువట."