చక్రవర్తిని నడిపించిన కొయ్య బూర

నేను చెబుతుంటే మా హైమ రాసిపెడుతోంది; ఇందులో ముందుది వెనక్కీ వెనకది ముందుకీ జరిగి ఉంటే చదివేవాళ్లు మన్నించాలి. కథ మాత్రం ఇదే.

చీనా దేశాన్ని మంచూలు ఏలిన కాలంలో ఒక చక్రవర్తి ఉండేవాడు. రైతుల పన్నులు తగ్గించాడు, లంచాలు మరిగిన అధికారులను ఇళ్లకు పంపాడు. పొద్దుగూకేదాకా ఎర్రసిరాతో ఆజ్ఞలు రాస్తూనే ఉండేవాడు. మంచివాడే, కాని తన మంచితనం మీద తనకే మురిపెం ఎక్కువ.

ఒకనాడు కొలువులో, "నేను సరిదిద్దనిది ఈ దేశంలో ఇంకేమైనా మిగిలిందా?" అని అడిగాడు.

మంత్రులందరూ లేదన్నారు. చిన్నప్పుడు ఆయనకు విలువిద్య నేర్పిన ముసలి ఫూసెన్ ఒక్కడే, "బాజావాళ్లు మిగిలారు ప్రభూ" అన్నాడు.

ఎప్పుడో ఒక పాత రాజును ఎదిరించినవాళ్ల సంతానం వాళ్లు. పుట్టినవాడల్లా బాజా వాయించి బతకాలని శిక్ష. పరీక్షలు రాయకూడదు, కొలువుల్లో చేరకూడదు, బయటివాళ్లతో వియ్యమందకూడదు. ఆ రాజు వంశమే పోయింది గాని శిక్ష పోలేదు.

చక్రవర్తి మొహం చిట్లించాడు. "వాళ్లూ మనుషులేనంటావా? సరే. వాళ్లలో ఎవడి ఊదుడుకైనా నేను ఒక్క అడుగు కదిలితే ఆ శిక్ష ఎత్తేస్తాను. కదలకపోతే ఊదినవాడి తల తీయిస్తాను."

మంత్రులు నవ్వారు. ఫూసెన్ నవ్వలేదు.

గావ్ షెంగ్ అనే సన్నాయివాడి గుడిసెకు వెళ్లి పందెం సంగతీ, చక్రవర్తి వేటకు వచ్చినప్పుడు పొదలో దాక్కుని ఊదాలన్న ఉపాయమూ చెప్పాడు.

"బాణం తగిలితే అయ్యగారూ?"

"తగలనివ్వను. ఆ చేతికి విల్లు పట్టడం నేర్పింది నేనే. ఎప్పుడు వదులుతాడో నాకు తెలుసు."

"మావాడు చదువుతాడండీ. పరీక్ష జరిగేచోట గుమ్మం బయట సన్నాయి ఊదమంటారు వాణ్ణి." గావ్ లేచి నిలబడ్డాడు. "ఏం ఊదాలో చెప్పండి."

మంచూలకు శరత్కాలంలో ఒక వేట ఉండేది. వేటకాడు దుప్పి తలను టోపీలా పెట్టుకుని, పొదలో కూర్చుని, కొయ్య బూరతో దుప్పిలా రంకె వేస్తాడు. పోటీకి ఎవడో వచ్చాడనుకుని అసలు దుప్పి బయటికి వస్తుంది. అప్పుడు బాణం వేస్తారు.

ఆ ఏటి వేటలో తెల్లవారుజామున, చక్రవర్తి ఇంకా గుర్రం దిగకముందే, మడుగు అవతల నుంచి రంకె వినబడింది. ఆస్థాన బూరగాడు ఆయన పక్కనే ఉన్నాడు. అందుచేత అది దుప్పే అయి ఉండాలి.

"ముదురుది ప్రభూ. ఇంత గొంతు నేను ఊదలేను" అన్నాడు బూరగాడు.

చక్రవర్తి గుర్రం దిగాడు. పరివారాన్ని అక్కడే ఆపి, ఫూసెన్‌తో కలిసి రెల్లులోకి నడిచాడు. రంకె దూరమైంది. వంగి నడిచాడు. రంకె ఇంకా దూరమైంది. మోకాళ్ల మీద బురదలో పాకాడు. చివరికి పొదమీద కొమ్ములు కనబడ్డాయి. విల్లు నిండా లాగాడు.

ఫూసెన్ ఆ చేయి పట్టుకున్నాడు. చక్రవర్తిని తాకితే మరణశిక్ష అని అతనికి తెలుసు.

"ప్రభూ, తమరు గుర్రం దిగిన చోటు ఇక్కడికి కనబడటం లేదు."

పొదలోంచి కొమ్ములు పెట్టుకున్న మనిషి లేచి, బూర ముందు పెట్టి సాష్టాంగపడ్డాడు. చక్రవర్తికి సంగతి అర్థమైంది. మొహం ఎర్రబడింది. విల్లు ఇంకా దించలేదు.

"ఇది దగా. ఇది దుప్పి అరుపు."

ఫూసెన్ చేయి వదిలేశాడు. "దుప్పి అయితే బాణం వదలండి ప్రభూ. మనిషి అయితే మాట నిలబెట్టుకోండి."

రెల్లు గాలికి కదులుతోంది. ముగ్గురూ కదల్లేదు.

చక్రవర్తి మెల్లగా విల్లు దించాడు. తన మోకాళ్ల బురద చూసుకున్నాడు. నవ్వు ముందు ముక్కులోంచి వచ్చింది, తరవాత కడుపులోంచి. "ముసలాడా, శత్రువుల సైన్యాలు కూడా నన్నింత దూరం పాకించలేదు" అని, తన తోలు అంగీ తీసి ఫూసెన్ భుజాల మీద కప్పాడు. అక్కడే ఎర్రసిరా తెప్పించి, బాజావాళ్ల శిక్ష రద్దు చేస్తూ ఆజ్ఞ రాశాడు.

అప్పుడు గావ్ వైపు తిరిగాడు. "ఆ కొమ్ములు తీసెయ్. తల ఎత్తు. మొహం చూడనీ."

గావ్ తల ఎత్తాడు.

"ఇంకొక్కసారి ఊదు. ఈసారి తెలిసే వింటాను."

గావ్ బూర నోటిదాకా తెచ్చి దించేశాడు. "క్షమించండి ప్రభూ. పెదవుల వణుకు ఆగడం లేదు."

చక్రవర్తి ఆ బురదలోనే కూర్చున్నాడు. "ఆగేదాకా ఉంటాను" అన్నాడు.

అమ్మాయ్ హైమా, ఫూసెన్, గావ్ షెంగ్ అన్న పేర్లు ఒకరిది ఒకరికి పడ్డాయేమో ఓసారి చూడమ్మా.