బ్రేకు మీది కాలు

ఓబులేసు మేస్త్రికి అడిగిన రోజే జవాబు చెప్పే అలవాటు లేదు. శిష్యుడు ప్రశ్న అడిగితే "ఊఁ" అంటాడు, తల ఊపుతాడు, అక్కడ పడి ఉన్న ఇనుప తాడును మళ్లీ చుట్ట చుట్టమంటాడు. కొందరికి జవాబు నెల తర్వాత వచ్చేది. కొందరికి సర్టిఫికెట్ పట్టుకుని ఇంటికి వెళ్లినా వచ్చేది కాదు. అలాంటివాళ్లు, ఆయనకు ఏమీ తెలియదు కాబట్టే చెప్పడని ఊరంతా చాటేవారు. ఆ మాట చెవిన పడినా ఆయన "ఊఁ" అనే అనేవాడు.

నంద్యాల దాటి గిద్దలూరు రోడ్డు పట్టే చోట ఉంది ఆయన పనిచేసే శిక్షణ కేంద్రం. దారిలో చెడిపోయిన బండ్లను, బోల్తా పడినవాటిని, లోయ అంచుకు జారినవాటిని రోడ్డు మీదికి తెచ్చే పని అక్కడ నేర్పుతారు. ఆ పాఠాలను తెలుగులో పుస్తకంగా రాసిపెట్టమని కేంద్రం వాళ్లు నన్ను పిలిచారు. కొక్కెం తగిలించి ఈడిస్తే రాని బండి ఉంటుందా, దీనికో పుస్తకమా అని నవ్వుకుంటూ వెళ్లాను. బిగిసిన ఇనుప తాడు తెగితే మనిషిని రెండుగా కోసేస్తుందని, అందుకే దాని మీద తడి గోనెపట్టలు కప్పుతారని విన్నాక నవ్వు దానంతట అదే తగ్గింది.

అక్కడి సూత్రాలు చాలా ఉన్నాయి గానీ మేస్త్రి ఒక్కదాన్ని మాత్రం రోజూ పొద్దున్నే ఎక్కంలాగా అందరిచేతా వల్లె వేయించేవాడు. తాడు బిగిశాక మనవాడెవడూ ఆ బండిలోకి ఎక్కకూడదు. ఎవరి కోసమూ ఎక్కకూడదు, దేని కోసమూ ఎక్కకూడదు. మీసాలు నెరిసిన డ్రైవర్లు కూడా చేతులు కట్టుకుని ఆ మాట చెప్పేవారు. చూడడానికి తమాషాగా ఉండేది.

అక్కడ నేర్చుకునేవాళ్ల జట్టులో మద్దిలేటి అనే అతను ఉండేవాడు. బనగానపల్లె వైపువాడు, చాలా ఏళ్లు లారీ తోలి వచ్చాడు. తాడు కట్టడంలో, బరువు ఎటు పడుతుందో చూడడంలో అతన్ని మించినవాడు లేడు. ఆ సంగతి మిగతావాళ్లకన్నా అతనికే బాగా తెలుసు. ఒకరోజు భోజనాల దగ్గర అడిగాడు.

"మేస్త్రీ, బరువు లెక్క కట్టినాం. తాడు మంచిది, కొక్కెం మంచిది. మన బండి కదలకుండా నిలబడింది. అన్నీ కుదిరినాక కూడా ఒక్కోసారి పని చెడతాదంటారే. ఇంక చెడేదానికి ఏం మిగిలుంటాది?"

మేస్త్రి మజ్జిగన్నం కలుపుకుంటూ "ఊఁ" అన్నాడు. మద్దిలేటి మా వైపు చూసి కన్ను గీటాడు.

అది సీతాఫలాల కాలం. వానలు ఇంకా పూర్తిగా వెళ్లలేదు. ఆ తర్వాతి వారం ఒక ఉదయం, నల్లమల ఘాట్‌లో జీపు ఒకటి లోయ అంచున ఆగి ఉందని, లోపల మనిషి ఉన్నాడని ఫోను వచ్చింది. మేస్త్రి జట్టును రికవరీ బండి ఎక్కించాడు. నేనూ ఎక్కాను. దారిలో ఆయన మద్దిలేటితో ఒకే మాట అన్నాడు. "ఇయ్యాల పని నీదే."

మలుపు దగ్గర రోడ్డంతా సీతాఫలాలు దొర్లి ఉన్నాయి. కొండ వైపు గట్టు మీద గంపలవాళ్లు, అందరూ ఆడవాళ్లే, కూర్చుని ఉన్నారు. అడవి పండ్లు గంపలకెత్తుకుని ఆ జీపులో నంద్యాల బజారుకు పోతున్నారట. ఎక్కుడులో జీపు గేరు పెట్టెలో ఏదో విరిగింది. బండి వెనక్కి దొర్లి, రోడ్డుకు అడ్డం తిరిగి, వెనక కుడి చక్రం లోయ మీద గాలిలోకి పోయాక ఆగింది. ఆగింది అనడం తప్పు. డ్రైవరు ఆపాడు. చేతి బ్రేకు తీగ ఎప్పుడో తెగిపోయింది, గేరు కడ్డీ వదులుగా ఊగుతోంది. ఆ బండిని లోయలో పడకుండా పట్టుకున్నది బ్రేకు మీద ఉన్న అతని కుడికాలు ఒక్కటే.

అతని పేరు దస్తగిరి. నలభై ఏళ్లుంటాయేమో. కుడి పక్క తలుపు తీస్తే కింద లోయ. ఎడమ తలుపు వైపుకు జరగాలంటే కాలు తీయాలి, కాలు తీస్తే బండి పోతుంది. ఆడవాళ్లంతా వెనక నుంచి ముందు సీట్లోకి పాక్కుంటూ వచ్చి, అతన్ని రాసుకుంటూ, ఎడమ తలుపులోంచి ఒక్కొక్కరే దిగారు. అంతసేపూ అతను కాలు కదపలేదు. తర్వాత వాళ్లు ముందు చక్రాల వెనక రాళ్లు దోపారు గానీ తడిసిన నేల మీద అవి నిలవడం లేదు. ఇదంతా జరిగి చాలాసేపయింది. మేము వెళ్లేసరికి ఎండ ముదిరింది, అతని మోకాలు వణుకుతోంది. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

నాగులమ్మ అనే ముసలావిడ మాత్రం గట్టు మీద కూర్చోలేదు. జీపు ముందు నిలబడి అతనితో మాట్లాడుతూనే ఉంది. "పలకతా ఉండు నాయనా. పలకడం ఆపొద్దు," అంటూ పండ్ల ధరలు చెప్పింది, పాడి గేదె సంగతి చెప్పింది, అవి అయిపోతే కోడలి మీద చాడీలు మొదలుపెట్టింది. అతను ప్రతిదానికీ "అవునవ్వా" అంటున్నాడు. కోడలి విషయంలో కూడా అవునవ్వా అన్నాడు పాపం.

మద్దిలేటి పని చూసి తీరాలి. కేకలు లేవు, పరుగులు లేవు. రికవరీ బండిని ఎగువన నిలిపి చక్రాలకు దిమ్మెలు వేయించాడు. ఒక తాడు జీపు ముందు కొక్కేనికి తగిలించాడు. జీపు పక్కకు ఊగకుండా ఇంకో తాడు కొండ వైపు బండరాయికి కట్టించాడు. గోనెపట్టలు తడిపి కప్పించాడు. జనాన్ని దూరం జరిపాడు. బండి మీది చుట్టుయంత్రం, అదే వించ్, మెల్లగా తిప్పితే తాడు లేచి, వణికి, బిగిసింది. మేస్త్రి భుజం మీద తువాలుతో పక్కన నిలబడి చూశాడు. ఎక్కడా వేలు పెట్టలేదు, వేలు పెట్టవలసిన చోటు కూడా లేదు.

ఇక మిగిలింది ఒకటే. దస్తగిరి బ్రేకు మీంచి కాలు తీయాలి. బ్రేకు బిగబట్టి ఉండగా లాగితే చక్రాలు తిరగవు, బండి నేలను గీరుకుంటూ అంచు మట్టిని విరగ్గొడుతుంది. అలాగని ఒక్కసారిగా తీసేసినా ప్రమాదమే, బరువంతా దబ్బున తాడు మీద పడుతుంది. నిదానంగా, కొంచెం కొంచెంగా తీయాలి.

"అన్నా, తాడు పట్టింది. నిదానంగా కాలు తీయి," అన్నాడు మద్దిలేటి.

"తీస్తాండా," అన్నాడు దస్తగిరి.

జీపు కదల్లేదు, తాడు పలకలేదు.

"తీయన్నా."

"తీస్తానే ఉండా సామీ. అది రాకుండాది."

మద్దిలేటి గొంతు పెంచకుండా నచ్చజెప్పాడు. ఈ తాడు రాళ్ల లోడు లారీనే మోస్తుందని, జీపు దానికి ఒక లెక్క కాదని చెప్పాడు. దస్తగిరి అంతా విని, నిజమే, నాకు తెలుసు అన్నాడు. అన్నాడే గానీ కాలు అక్కడే ఉంది. ఆ కాలు పొద్దుటినుంచీ ఒకే సంగతి నమ్ముకుని ఉంది, తను లేస్తే చావేనని. మా జట్టులో ఒకరు విసుక్కున్నారు, ఒకరు బెదిరించి తీయిద్దామన్నారు. మోకాలి వణుకు తొడదాకా పాకింది. ఇంకాసేపటికి ఆ కాలు దానంతట అదే జారిపోతుందని అందరికీ అర్థమైంది. అలా జారితే ఏమవుతుందో కూడా తెలుసు. మద్దిలేటి వించ్ పిడి పట్టుకుని మేస్త్రి వైపు చూశాడు.

మేస్త్రి తువాలు తీసి పక్కవాడికిచ్చి జీపు దగ్గరికి నడిచాడు. "నేనొస్తాండా, అదరద్దు," అని ముందుగా చెప్పి ఎడమ తలుపు తీశాడు.

"మేస్త్రీ," అన్నాడు మద్దిలేటి, "తాడు బిగిసి ఉండాది."

"ఊఁ," అని ఆయన ఎక్కి కూర్చున్నాడు.

జీపు ఒక్క పిసరు అటూ ఇటూ ఆడింది. ఆ పొద్దుటినుంచీ మొదటిసారి నాగులమ్మ మాట ఆగిపోయింది. రోజూ పొద్దున్నే అంతమందితో వల్లె వేయించిన మనిషి అందరి కళ్ల ముందూ ఆ సీట్లో వీపు ఆనించి, అరుగు మీద చేరగిలబడ్డట్టు కూర్చున్నాడు.

కాలు సంగతి ఆయన ఎత్తలేదు. కాళ్ల దగ్గర పడి ఉన్న గంపలో చెయ్యి పెట్టి వెతికి, మగ్గిన పండు ఒకటి తీశాడు. రెండుగా విప్పాడు.

"ఇంక నా బరువు కూడా ఆ తాడు మీదే ఉండాది," అన్నాడు. "పండు తింటావా?"

దస్తగిరి చేతులు స్టీరింగ్‌ను వదలలేదు. మేస్త్రి ఒక తొన తీసి, పసివాడికి పెట్టినట్టు అతని నోట్లో పెట్టాడు. తానూ ఒకటి వేసుకున్నాడు. సీతాఫలాన్ని ఎంత తొందరున్నా గబగబా తినలేము. గింజ గింజకూ ఆగాలి, నాలుకతో గుజ్జు తీయాలి, గింజ ఉమ్మాలి. ఆ ఇద్దరూ లోయ అంచున కూర్చుని అదే చేశారు. మేస్త్రి గింజలు రోడ్డు వైపు ఉమ్మాడు. దస్తగిరి కాసేపు నోట్లోనే దాచుకుని, చివరికి తల తిప్పి లోయలోకి ఉమ్మాడు. బండి జారినప్పటినుంచీ అతను అటు చూడడం అదే మొదటిసారి అని తర్వాత నాగులమ్మ చెప్పింది.

మేస్త్రి ఇంకో తొన పెట్టాడు. యా ఊరు అని అడిగాడు. పిల్లలెంతమంది అని అడిగాడు. దస్తగిరి ఏదో చెప్పాడు, మాకు వినపడలేదు. ఏ తొన దగ్గర జరిగిందో మాలో ఎవరూ చూడలేదు గానీ తాడు మెల్లగా మూలిగింది. జీపు బెత్తెడు వెనక్కి జరిగి, నిలిచింది.

మేమంతా తాడునే చూస్తున్నాం. గోనెపట్టల కింద అది సన్నగా వణికి సర్దుకుంది. బ్రేకు మీద ఇప్పుడు కాలు లేదు. ఒక మనిషి ఒక్క కాలితో పొద్దుటినుంచీ మోసిన బరువు, మా కళ్ల ముందే అతని ఒంట్లోంచి దిగి తాడులోకి వచ్చింది. ఎంత పని జరిగిందో చూడడానికి అక్కడ ఏమీ లేదు, బెత్తెడు కదలిక తప్ప. నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది. ఎవరికి మొక్కాలో తెలియక ఊరుకున్నాను.

మేస్త్రి ముందు దిగి, చెయ్యి అందించి దస్తగిరిని దింపాడు. నేల మీద అడుగు పెట్టగానే అతని కుడికాలు మడతపడింది. నాగులమ్మ అతన్ని గట్టుకు ఆనించి కూర్చోబెట్టి, ఆ కాలును ఒళ్లో పెట్టుకుని పిక్క పిసకడం మొదలుపెట్టింది. అతను "వద్దవ్వా, వద్దు," అని సిగ్గుతో లాక్కోబోయాడు. "కదలకుండా ఉండు," అని ఆవిడ కసిరింది. గంపల ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, ఏమీ అనకుండా, ఆ పాదాన్ని తాకి వెళ్లారు. అప్పుడు అతను ఏడ్చాడు.

మద్దిలేటి వించ్ తిప్పాడు. జీపు చెప్పినమాట విన్నట్టు రోడ్డు మీదికి వచ్చింది.

తిరుగుదారిలో చాలా దూరం వచ్చాక, ఘాట్ దిగి మైదానం కనపడ్డాక, మద్దిలేటి ఇక పట్టలేకపోయాడు.

"మేస్త్రీ, తాడు బిగిసినాక మనోడెవడూ ఎక్కకూడదని మీరే గదా చెప్పింది."

"చెప్పినా. రేపు పొద్దున కూడా చెప్తా."

"మరి నేను కట్టిన దాంట్లో ఏమన్నా తప్పుండిందా?"

మేస్త్రి కిటికీలోంచి బయటికి చూశాడు. ఈసారీ "ఊఁ" తోనే సరిపెడతాడేమో అనుకున్నాను.

"ఏం తప్పు లేదప్పా," అన్నాడు చివరికి. "తాడు పట్టిందని నీకు తెలుసు, నాకు తెలుసు, ఆయప్పకూ తెలుసు. ఆ కాలికి ఎవరు చెప్పాల?"