సోముడికి చెప్పని చెలమ పాఠం

ఇప్పలకోన అడవిలో జింకలు, కొండముచ్చులు, అడవి పందులు, నెమళ్లు ఉండేవి. వాటితో పాటు ఒక పెద్ద ఏనుగుల మంద కూడా ఉండేది. ఆ మందను నడిపేది ఒక ముసలి ఆడ ఏనుగు. అందరూ ఆమెను పెద్దవ్వ అని పిలిచేవారు.

ఆ కోనలో ఎర్రవాగు అని ఒక వాగు ఉంది. వానాకాలంలో అది ఒడ్లు ఒరుసుకుని పారేది. ఎండాకాలం వచ్చేసరికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఇసుకే మిగిలేది. నీరు మాత్రం ఎక్కడికీ పోయేది కాదు, ఇసుక కింద దాక్కునేది. ఇసుకలో గుంట తవ్వితే అందులోకి నీరు ఊరుతుంది. ఆ గుంటనే చెలమ అంటారు.

చెలమ తవ్వడం వినడానికి తేలికే. ముందు తొండంతో ఇసుక వాసన చూడాలి. వాగు దిగువ వైపు నుంచి ఏటవాలుగా తవ్వుతూ రావాలి. తీసిన ఇసుకను దూరంగా పోయాలి, లేకపోతే అది మళ్లీ గుంటలోకే జారుతుంది. నీరు ఊరగానే తొండం పెట్టకూడదు, తేటపడే దాకా ఆగాలి. దాహంతో ఉన్నప్పుడు ఆగడమే అన్నిటికంటే కష్టం.

ఈ విద్య పెద్దవ్వకు బాగా తెలుసు. ఎండాకాలంలో పొద్దు వాలాక ఆమె వాగులో నిలబడి గున్నలకు పాఠం చెప్పేది. గున్నలంటే ఆడ గున్నలకే. మగ గున్నలు ఆ ఇసుకలో కాలు పెట్టకూడదు.

దానికి ఒక కారణం ఉంది. పెద్దవ్వ చిన్నప్పుడు మందలో పెద్ద దంతాల మగ ఏనుగులదే పెత్తనం. అవి నీళ్లు తాగి, ఒళ్లు తడుపుకుని, బురద మిగిల్చి పోయేవి. ఆ బురద దగ్గరే పెద్దవ్వ అక్క దాహంతో కూలిపోయింది. ఇక మీదట ఏ ఆడపిల్లా నీళ్ల కోసం ఇంకొకరి దయ మీద బతకకూడదని పెద్దవ్వ ఆనాడే అనుకుంది. అనుకున్నది మంచి మాటే. ఆడ గున్నలకు నేర్పడం ఇంకా మంచి పని. కానీ ఆ దంతాల ఏనుగులు ఎప్పుడో చచ్చిపోయాయి. వాటి మీద కోపం మాత్రం నిన్నగాక మొన్న పుట్టిన గున్నల మీద పడింది.

ఆ మందలో తారమ్మ అనే ఏనుగుకు సోముడు అని ఒక మగ గున్న ఉన్నాడు. అదే వానాకాలంలో సోముడి పిన్నికి జాజి అనే ఆడ గున్న పుట్టింది. ఇద్దరూ కలిసి తిరిగేవారు, కలిసి అల్లరి చేసేవారు. తిట్లు మాత్రం సోముడికే పడేవి. ఒకసారి జాజి చీమల పుట్టను తన్నింది. అందరూ వచ్చి సోముడిని చీవాట్లు పెట్టారు. తన్నింది తనేనని జాజి చెప్పింది. అయినా వాడే చేయించి ఉంటాడని పెద్దవాళ్లు తేల్చేశారు.

ఇంకోసారి సోముడి కాల్లో తుమ్మముల్లు దిగింది. వాడు కన్నీళ్లు పెట్టుకున్నాడు. మగపిల్లాడివై ఉండి ఏడుస్తావా అని పిన్నులు నవ్వారు. వాడు నోరు మూసుకుని కుంటుకుంటూ నడిచాడు. సాయంత్రం జాజి చూసి ముల్లు తీసింది. అప్పటికే కాలు వాచిపోయింది.

ఒకరోజు సోముడు ధైర్యం చేసి పాఠం జరిగే చోటికి వెళ్లాడు.

"అవ్వా, నేనూ నేర్చుకుంటాను" అన్నాడు.

"నీకెందుకురా? ఈడు రాగానే మంద వదిలి పోయేవాడివి. నీకు కండ ఉంది, అది చాలు. పోయి కొమ్మలు విరుచుకురా" అంది పెద్దవ్వ.

సోముడు పోయి కొమ్మలు విరిచాడు. దారికి అడ్డం పడ్డ మానులు జరిపాడు. మందలో బరువు పనులన్నీ మగ గున్నలవే. ఆడ గున్నల చేత ఆ పనులు ఎవరూ చేయించలేదు. ఇదొక గారాబం అని అందరూ అనుకున్నారు. అది గారాబం కాదని తర్వాత తెలిసింది.

ఒక ఏడాది వానలు సరిగ్గా పడలేదు. ఎండలు మాడ్చేశాయి. పెద్దవ్వ ఎర్రవాగు మలుపు దగ్గర కష్టపడి ఒక చెలమ తీసింది. ముందు ఆడవాళ్లు తాగాలి, మగ గున్నలు చివర రావాలి అంది. సోముడు ఎండలో నిలబడి చూశాడు. వాడి వంతు వచ్చేసరికి చెలమలో నీరు అడుగంటింది. అందరూ నీడకు వెళ్లిపోయారు.

మళ్లీ ఊరే దాకా ఆగాలని వాడికి తెలియదు. వాడికి తెలిసింది బలం ఒక్కటే. పైవైపు నుంచి చెలమ అంచు మీదికి ఎక్కి కాలితో గట్టిగా తొక్కాడు. ఇసుక ఒక్కసారిగా జారింది. చూస్తుండగానే చెలమ పూడిపోయింది.

పెద్దవ్వ వచ్చి చూసింది. మగవాళ్ల బుద్ధి ఇంతేనని, ఇలాంటివాళ్లను చిన్నప్పుడే బయటికి పంపాలని అంది. సోముడిని అప్పటికప్పుడే మంద నుంచి పొమ్మంది. వాడికి ఇంకా ఈడు రాలేదు, దంతాలు సరిగ్గా బయటికి కూడా రాలేదు.

తారమ్మ అడ్డం వచ్చింది. "నేర్పని పాఠం వాడికెలా వస్తుంది పెద్దవ్వా?" అంది.

"అంత బాధగా ఉంటే నువ్వూ వాడి వెంట పో" అంది పెద్దవ్వ.

తారమ్మ కాళ్ల మధ్య నెలల గున్న పాలు తాగుతున్నాడు. వాడి పేరు బుల్లోడు. వాడిని తీసుకుని నీళ్లు లేని అడవిలోకి పోతే వాడు బతకడు. తారమ్మ తొండంతో సోముడి తల నిమిరింది. పెద్దవాడు కనుమరుగయ్యే దాకా చూసి, తర్వాత చిన్నవాడి వైపు చూసింది. వీడూ మగవాడే.

సోముడు కొండ వెనక ఉన్న ఎండిన పాయలో పడుకున్నాడు. నీరు ఎక్కడుందో వాడికి తెలియదు. ఇలాగే ఉంటే వాడు ఎన్నాళ్లో బతకడు. ఆ సంగతి జాజికి అర్థమైంది. మంద మేతకు వెళ్లిన సమయం చూసి ఆమె కొండ దాటి వచ్చింది. పెద్దవ్వకు తెలిస్తే తనకూ చోటు ఉండదని ఆమెకు తెలుసు. అయినా వచ్చింది.

"లే. ముందు ఇసుక వాసన చూడు" అంది.

సోముడు తవ్విన మొదటి గుంట కూలిపోయింది. తర్వాతిదీ కూలిపోయింది. విసుగొచ్చి కాలితో తన్నబోతే జాజి కసిరింది. వాడు మెల్లగా దిగువ వైపు నుంచి తవ్వడం నేర్చుకున్నాడు. మొదటిసారి నీరు ఊరినప్పుడు, అది తేటపడే దాకా కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత తాగాడు. ఆ నీళ్లు తాగుతూ వాడు ఏడ్చాడు. జాజి నవ్వలేదు.

ఎండలు ఇంకా ముదిరాయి. ఎర్రవాగులో నీరు మరీ లోతుకు పోయింది. పెద్దవ్వ వాసన చూసి ఒకచోట తవ్వించింది. కొంత లోతు పోయాక పెద్ద మద్దిమాను అడ్డం వచ్చింది. పాత వరదల్లో కొట్టుకొచ్చి ఇసుకలో కూరుకుపోయిన మాను అది. నీరు సరిగ్గా దాని కిందే ఉంది. మందలో మిగిలిన మగ గున్నలు అంత మాను జరిపే ఈడువి కావు.

ఆడ ఏనుగులకు బలం లేక కాదు. మాను కదిలించడం ఎలాగో వాటికి ఎవరూ నేర్పలేదు. ఒకటి అటు నెట్టింది, ఒకటి ఇటు నెట్టింది. మాను కదల్లేదు. సోముడిని పిలుద్దామని తారమ్మ అడిగింది. వాడి సాయం మనకెందుకని పెద్దవ్వ తల విదిలించి తనే గుంటలోకి దిగింది. ఆమె బరువుకు మాను దొర్లి వెనక కాలు మీద పడింది. పైనుంచి ఇసుక జారి తుంటి దాకా కప్పేసింది. పెద్దవ్వకు పాఠాలన్నీ తెలుసు. పంతం ముందు అవేవీ గుర్తు రాలేదు.

జాజి ఎవరినీ అడగలేదు. కొండ వైపు పరుగెత్తి సోముడిని తీసుకొచ్చింది.

సోముడిని చూడగానే అందరూ భయపడ్డారు. వాడు మళ్లీ అంచు ఎక్కి తొక్కితే పెద్దవ్వ ఇసుకలో సమాధి అవుతుంది. పెద్దవ్వ కూడా అదే అనుకుని కళ్లు మూసుకుంది.

సోముడు అంచు ఎక్కలేదు. చుట్టూ తిరిగి దిగువకు వెళ్లాడు. వంగి ఇసుక వాసన చూశాడు. ఏటవాలుగా తవ్వుతూ వచ్చాడు. తీసిన ఇసుకను దూరంగా పోయమని జాజికి చెప్పాడు. దారి ఏర్పడ్డాక మాను ఏ కొస తేలికగా ఉందో చూసి, ఆడ ఏనుగులన్నిటినీ ఒకే వైపు నిలబెట్టాడు. వాడు చెప్పినప్పుడు అన్నీ కలిసి నెట్టాయి. మాను కదిలింది. పెద్దవ్వ కాలు బయటికి వచ్చింది.

మాను ఉన్న చోట నీరు ఊరడం మొదలైంది. దాహంతో ఉన్న ఏనుగులు ముందుకు తోసుకొచ్చాయి. సోముడు తొండం అడ్డం పెట్టి, తేటపడనివ్వండి అన్నాడు. అందరూ ఆగారు.

"ఇదంతా నీకెవరు నేర్పారురా?" అని పెద్దవ్వ అడిగింది.

"నువ్వే అవ్వా. జాజికి నేర్పావు, జాజి నాకు నేర్పింది" అన్నాడు సోముడు.

నీరు తేటపడింది. ఎవరు ముందు తాగాలని తారమ్మ అడిగితే, చిన్నవాళ్లంతా ముందు, ఆడా మగా చూడొద్దు అంది పెద్దవ్వ. తను అందరి తర్వాత తాగింది. ఆ కాలు ఇక బాగుపడలేదు. బతికినన్నాళ్లూ ఆమె కుంటుతూనే నడిచింది.

వానలు వచ్చాయి, పోయాయి. ఈడు రాగానే సోముడు మంద వదిలి వెళ్లాడు. ఈసారి ఎవరూ తరమలేదు. అందరూ అడవి అంచు దాకా వచ్చి సాగనంపారు. ఎక్కడికి వెళ్లినా వాడికి నీటి కొరత రాలేదు. పెద్దవ్వ తర్వాత జాజి మందకు పెద్ద అయింది.

కానీ అంతకు చాలా ముందే, మాను తీసిన ఆ రోజు సాయంత్రమే, ఇంకొకటి జరిగింది. పెద్దవ్వ కుంటుకుంటూ వాగులోకి వెళ్లి పాఠానికి నిలబడింది. ఆడ గున్నలు చుట్టూ చేరాయి. బుల్లోడు తల్లి కాళ్ల చాటు నుంచి తొంగి చూశాడు. అలవాటుగా వాడిని వెనక్కి లాగబోయింది తారమ్మ.

పెద్దవ్వ తొండం చాచి వాడిని పిలిచింది.

"ఇటు రారా బుల్లోడా. ముందు ఇసుక వాసన చూడు."

నీతి: ఒకప్పుడు ఆడపిల్లకు జరిగిన అన్యాయం, మగపిల్లాడికి విద్య మాన్పిస్తే తీరదు; విద్యనైనా ఓదార్పునైనా ఆడా మగా అని చూడకుండా పిల్లలందరికీ పంచాలి.