మూడో మలుపు

గురవయ్యస్వామిని ఏదైనా అడిగితే తిన్నగా జవాబు చెప్పరు. అడిగినవాడి ముఖం కాసేపు చూసి, ఎవరి సంగతో ఎత్తుకుంటారు. ఈ అలవాటుకు విసిగి ఆశ్రమం వదిలిపోయినవాళ్ళున్నారు. నేను పోలేదు. ఎందుకు పోలేదో ఇది చదివితే మీకే తెలుస్తుంది.

ఆ పొద్దున అడిగినవాడు సదానందం. కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం మానుకుని వచ్చి మూడేళ్ళయింది. రోజూ వెన్ను నిటారుగా పెట్టి గంటలకొద్దీ కూర్చుంటాడు. అయినా ఇంటి నుంచి ఒక్క ఫోను వస్తే చాలు, మనసంతా అల్లకల్లోలం. ఎంత బిగబట్టినా నిలవని మనసును నిలబెట్టేదెలాగని అడిగాడు. 

స్వామి మునిలక్ష్మి సంగతి ఎత్తుకున్నారు.

మునిలక్ష్మిది మా ఆశ్రమానికి పైన, కొండ మీది పల్లె. ఆమె భర్త చెంగల్రాయుడు మోటారు సైకిలుకు రెండు వైపులా పాల క్యాన్లు తగిలించుకుని కింద ఊళ్ళో టీ హోటలుకు పోసేవాడు. ఇంటి మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుని మంచాన పడ్డాడు. దాంతో నలభయ్యేళ్ళ వయసులో ఆమె బండి నేర్చుకోవాల్సి వచ్చింది. క్లచ్ వచ్చింది, గేర్లు వచ్చాయి, మలుపులు మాత్రం రాలేదు. చిన్నప్పటి నుంచి నెత్తిన కుండ మోసిన మనిషి. ఒళ్ళు వంగితే కుండ ఒలుకుతుందని ఆమె మెడకూ నడుముకూ బాగా తెలుసు. అందుకే బండి మలుపులో వాలబోతే తను బిగుసుకుని రెండో వైపుకు లాగేది, బ్రేకు తొక్కేది. బండి ఎటు వాలితే నువ్వూ అటే వాలవే అని మొగుడు మంచంలోంచి మొత్తుకునేవాడు. పాలున్న బండిని ఎవరైనా వంచుతారా అని ఆమె వాదన. ఆ కుదుపులకు క్యాన్లలో పాలు చిలికినట్టయి, హోటలు చేరేసరికి పైన వెన్న తేలేది. హోటలాయన రెండు రోజులు ఊరుకున్నాడు. మూడో రోజు మూత తీసి చూపించి, రేపూ ఇట్లాగే ఉంటే తేవద్దన్నాడు. పాలు పోయకపోతే ఆవులకు దాణా లేదు. దూడలప్పటి నుంచి సాకిన రెండు ఆవులనూ శుక్రవారం సంతకు తోలడానికి బేరగాడితో మాట కూడా అయిపోయింది.

మర్నాడు ఆశ్రమం వాకిట్లో బండి ఆపి ఆమె ఏడ్చింది. స్వామికి బండి గురించి ఓనమాలు తెలియవు. అయినా ఆ ఏడుపు చూడలేక, మూతల కింద ఏం జరుగుతోందో కళ్ళతో చూద్దామని చెప్పి, చెంబు నిండా పాలు పోయించుకుని వెనక సీటెక్కారు. మేం నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయాం.

అక్కడి నుంచి ఊరికి ఏడు మలుపులు. మొదటి మలుపులో ఆమె బిగుసుకుంది, స్వామి చెంబును నిటారుగా నిలబెట్టబోయారు, పాలు ఆయన మోచేతి దాకా కారాయి. రెండో మలుపులో ఆమె వీపు తడిసింది. మూడో మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. బిగుసుకునే వ్యవధి లేదు. బండి కొండ వైపుకు వాలింది, బండితో ఆమె వాలింది, సీటు వెనక కడ్డీ పట్టుకుని స్వామీ వాలారు. చెంబును నిలబెట్టాలన్న సంగతే ఆయన మరిచిపోయారు.

"కొండ ఒరిగింది, రోడ్డు ఒరిగింది, బస్సు మీద పడుతున్నట్టే ఉంది," అన్నారు స్వామి. "చెంబులో మిగిలిన పాలు మాత్రం గూట్లో పెట్టినట్టున్నాయి."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన చెయ్యి గాల్లో చెంబు పట్టుకున్నట్టే ఉంది. 

పాలు కదల్లేదని చెబితే మునిలక్ష్మి నమ్మలేదట. బండి ఆపి, వెనక్కి తిరిగి, చెంబులోకి చాలాసేపు చూసిందట.

"అట్లయితే సామీ, ఇన్ని దినాలూ పాలను కుదిపింది నేనేనా?"

మిగిలిన నాలుగు మలుపుల్లోనూ బండితో పాటే వాలింది. హోటలాయన మూత తీసి, పాల మీద వెతికి, మారు మాట్లాడకుండా క్యాన్లు లోపలికి తీసుకుపోయాడు. శుక్రవారం బేరగాడు ఉత్త చేతులతో తిరిగిపోయాడు.

సదానందం లెక్కల మనిషి కదా, నేల మీద వేలితో ఏదో గీసుకుని, సరిపోయిందో లేదో గానీ చెరిపేశాడు. ఆ తరవాత, మరి నా మనసును ఏం చెయ్యమంటారు స్వామీ అని మళ్ళీ మొదటికే వచ్చాడు.

పైన రోడ్డు మీద మునిలక్ష్మి బండి చప్పుడు వినిపిస్తోంది. స్వామి లేచి వెళ్ళి వంటింట్లోంచి చెంబు తెచ్చి అతని చేతిలో పెట్టారు.

"వెనక సీటు ఖాళీగానే ఉంటుంది, నాయనా. వెళ్ళిరా."